న్యాయపీఠానికి తగిలించిన టోపీ

మిషిగన్ రాష్ట్రపు పడమటి అంచున, సరస్సు మీది గాలికి ఏడాదిలో ఆరునెలలు ముక్కులు ఎర్రగా ఉండే నూర్డ్‌హోమ్ పట్టణంలో, మోటారు బళ్ళకు అడుగున ఉండే ఛాసిస్ చట్రాలు చేసే మా కార్ఖానాలో, ఇరవై రెండేళ్ళపాటు ఒక న్యాయపీఠం కొలువుతీరి ఉండేది. రాజ్యాలలోని న్యాయపీఠాలు అప్పుడప్పుడైనా ఎవరినో ఒకరిని నిర్దోషి అని విడిచిపెడతాయి. మాది అటువంటి బలహీనతలకు లోనయ్యేది కాదు. 1912 మొదలు 1934 దాకా దాని ఎదుట నిలిచిన ప్రతి చట్రమూ దోషిగానే దిగివచ్చింది.

చూడటానికి ఘనంగా ఉన్నా దాని పని తీరు సులభమైనది. వెనుక వైపు మనిషెత్తు ఇనుప స్తంభాలు రెండు. చట్రం తోకను ఆ రెంటికీ బిగిస్తారు. ముందు వైపు చట్రం మూతి సరిగ్గా మధ్యలో ఒక దిమ్మె మీద తూగుతూ ఉంటుంది. ఆ మూతికి అడ్డంగా కట్టిన పొడుగాటి కమ్మీకి ఒక కొసన బరువులు వేలాడదీస్తే, తడిగుడ్డను పిండినట్టు చట్రం మెలి తిరుగుతుంది. ఎంత తిరిగిందో ఒక ముల్లు గీతల మీద చూపిస్తుంది. గీతలు ఎంత తక్కువైతే చట్రం అంత బిగువైనదని లెక్క. ఆ ముల్లును చదివి పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. పదకొండేళ్ళు చేశాను. సృష్టిలో తెలుసుకోదగిన సత్యమంతా ఆ ముల్లు మొన మీదే ఉందని నమ్మేంత నిష్ఠతో చేశాను.

ఆ పీఠాన్ని స్వహస్తాలతో ప్రతిష్ఠించినవారు మా ప్రధాన డిజైనరు హార్మన్ డైక్‌హౌస్ గారు. వారంలో ఆరు రోజులు ఇనుముకూ, ఏడో రోజు చర్చిలో సంఘపెద్ద హోదాలో ఆత్మలకూ ఆయన కొలతలు తీసేవారు. రెండు చోట్లా ఒకే కళ్ళజోడు వాడేవారు. కార్ఖానా ఉన్న భవనంలో అంతకుముందు చర్చి బెంచీలు తయారు చేసేవారట. వాళ్ళు వేసి వెళ్ళిన మేపుల్ చెక్క నేల ఇంకా అద్దంలా మెరుస్తూ ఉండేది. తన పీఠం పునాది అటువంటి పవిత్రమైన చెక్క మీద పడటం కేవలం కాకతాళీయమని డైక్‌హౌస్ గారు ఎన్నడూ అనుకోలేదు.

ప్రతి పరీక్షకూ ఒక క్రమం ఉండేది. మొదట ఆయన తన నల్లటోపీ తీసి, వెనక ఎడమ స్తంభం నెత్తిన ఉన్న మేకుకు తగిలించేవారు. అటుపైన మేమంతా పీఠం ముందువైపున గుమిగూడి ముల్లునే చూస్తూ నిలబడాలి. మా చర్చిలో ప్రసంగానికి మూడు భాగాలుంటాయి. ఒక్కో భాగం మొదలయ్యే ముందు తల్లులు వరస పొడుగునా పిప్పరమెంటు బిళ్ళలు అందిస్తారు. బిళ్ళ కరిగేలోగా ఆ భాగం ముగుస్తుందని ఒక ఆశ. పరీక్షలోనూ బరువులు మూడే గనక, బరువుకొక బిళ్ళ చొప్పున ఆయన జేబులోంచి తీసి పంచేవారు. మూడో బిళ్ళ నాలుక మీద ఉండగా నేను తీర్పు చదివేవాణ్ణి.

తీర్పు దాదాపుగా ఎప్పుడూ ఒకటే. మేము అమ్ముతున్న పాత చట్రం 1912లో డైక్‌హౌస్ గారు గీసినదే. రెండు పొడుగు కమ్మీలు, మధ్యలో ఐదు అడ్డకమ్మీలు, అచ్చంగా గోడకు వేసుకునే నిచ్చెన. దానికి పన్నెండు గీతలు. ఆ తరువాత ఎవరు ఎంత తెలివి ఖర్చుపెట్టినా పదకొండు, లేదంటే పది. పదికి దిగువకు ఏ చట్రమూ పోలేదు. దీని నుంచి ఆయన ఒక సిద్ధాంతం పిండారు: ఇనుము కూడా పతనమైన సృష్టిలో భాగమే, ఆదాము చేసిన పాపం దానికీ అంటింది, ఆ పాపం పరిమాణం పది గీతలు. ఆదిపాపాన్ని గీతల్లో కొలిచిన మొదటి మానవుడు ఆయనేనని మా ఊరివాళ్ళం గర్వపడేవాళ్ళం.

ఈ సిద్ధాంతంతో పేచీ ఉన్న ఒకే ఒక్క మనిషి టూనిస్ బూర్స్మా. ముప్పై నాలుగేళ్ళవాడు, నా పక్క బల్ల దగ్గర కూర్చునేవాడు. మాటల్ని పెన్సిల్ ముక్కల్లాగా చివరిదాకా పొదుపుగా వాడేవాడు. అప్పటికి మూడు కొత్త చట్రాలు గీశాడు. పీఠం వాటికి వరుసగా పదకొండు, పది, పది వేసింది. ఆ డ్రాయింగులు మూడూ డైక్‌హౌస్ గారి బల్ల అడుగు సొరుగులోకి వెళ్ళిపోయాయి. ఆ సొరుగును మేము పరలోకం అనేవాళ్ళం. అందులోకి వెళ్ళినది ఏదీ తిరిగి వచ్చిన ఉదాహరణ లేదు.

1934 వసంతంలో, మా చట్రాలు కొనే డెట్రాయిట్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కార్లకు ఉక్కు పైకప్పులు, తలుపులు వచ్చాక, గతుకుల్లో చట్రం మెలి తిరిగినప్పుడల్లా తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయట. ఒక బ్యాంకు మేనేజరు భార్య రైలు పట్టాలు దాటుతూ ఉంటే, ఆమె వైపు తలుపు స్వచ్ఛందంగా తెరుచుకుని, ఒడిలోని కేకు పెట్టెను రహదారికి దానం చేసిందట. కాబట్టి కొత్త చట్రం అదే బరువుకు పాతదానిలో సగం కంటే ఎక్కువ మెలి తిరగరాదు. శుక్రవారం లాత్రప్ అనే ఇంజనీరు వచ్చి స్వయంగా చూస్తాడు. పన్నెండులో సగం ఆరు. ఉత్తరం చదివి డైక్‌హౌస్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఆరట. ఏదెను తోటలో అయితే వచ్చేదేమో," అన్నారు.

టూనిస్ నాలుగో చట్రం అప్పటికే సిద్ధంగా ఉంది. కమ్మీలకు ఒక పక్క తెరిచి ఉండే ఆకారం తీసేసి, నాలుగు వైపులా మూసిన పెట్టెల్లాగా చేశాడు. మధ్యలో నిచ్చెన మెట్లకు బదులు, ఒక మూల నుంచి ఇంకో మూలకు కత్తెర వేసినట్టు రెండు బలమైన కమ్మీలు దాటించాడు. డ్రాయింగులను గుడ్డ మీదికి ఎత్తి రాసే రీకా పోస్ట్మాకు అతను చెప్పుల పెట్టెతో ఇది వివరించడం నేను చూశాను. మూత తీసిన పెట్టెను రెండు వేళ్ళతో మెలితిప్పాడు. మూతపెట్టి అంచులు అంటించి ఆమె చేతికిచ్చాడు. రీకాకు నలభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక పదిహేనేళ్ళుగా మా మధ్యే పనిచేస్తూ, మా అందరి గురించి ఒక స్థిరాభిప్రాయానికి వచ్చి ఉంది. పెట్టెను రెండు చేతులా తిప్పి చూసింది.

"తిరగట్లేదయ్యా. ఇంతకీ ఇందులో ఉండాల్సిన చెప్పులేవీ?"

బుధవారం ఉదయం, లాత్రప్ రాకముందు మాలో మేము ఒక పరీక్ష చేసుకున్నాం. పరీక్షకు ముందు డైక్‌హౌస్ గారు టూనిస్‌ను దగ్గరికి పిలిచారు. ఆ మాటలు మా అందరికీ వినిపించాయి.

"ఇది నాలుగోది, అబ్బాయ్. శుక్రవారం ఇదీ పరలోకానికి పోతే మరిక చట్రాల జోలికి వెళ్ళకు. స్పేరు చక్రాల బ్రాకెట్లు గీద్దువుగాని. బ్రాకెట్లలో మనశ్శాంతి ఉంటుంది."

"నాకు మనశ్శాంతి వద్దండీ."

"వయసులో ఉన్నావు గనక అలాగే అంటావు."

టోపీ మేకుకు ఎక్కింది. మొదటి బిళ్ళ, మొదటి బరువు. రెండో బిళ్ళ, రెండో బరువు. మూడోది నాలుక మీద పెట్టుకుని నేను వంగి చూశాను.

"తొమ్మిది."

పదికి దిగువన ఒక అంకె ఆ గదిలో వినపడటం అదే మొదలు. డైక్‌హౌస్ గారు టూనిస్ భుజం తట్టారు.

"శభాష్. మనిషి చేతికి ఇంతకంటే సాధ్యం కాదు. శుక్రవారం ఆ డెట్రాయిట్ ఆయనకి నేనే సర్దిచెప్తా. బ్రాకెట్ల బల్ల కిటికీ పక్కనే వేయిస్తాలే, వెలుతురు బాగుంటుంది."

మధ్యాహ్నం భోజనానికి టూనిస్, నేను ట్రేసింగ్ గదిలో కూర్చున్నాం. అది పీఠానికి వెనకవైపున, రీకా వాళ్ళు డ్రాయింగులు ఎత్తి రాసే గది. మధ్యలో గాజు పలకల గోడ. పరీక్ష జరిగేటప్పుడు ట్రేసింగ్ ఆడవాళ్ళు దగ్గరికి రాకూడదని నియమం గనక, వాళ్ళు ఆ గాజు వెనక నుంచే చూసేవాళ్ళు. టూనిస్ బఠాణీ సూపులో చెంచా తిప్పుతున్నాడు గాని నోటికి ఎత్తడం లేదు. రీకా బాదం ముద్ద కూరిన బాంకెట్ అనే తీపి రొట్టె ముక్కను అతని ముందుకు తోసింది.

"తిను నాయనా. బ్రాకెట్లు కూడా దేవుడి సృష్టే."

"తొమ్మిదేమిటి రీకా. పెట్టె తిరగలేదు, నువ్వూ చూశావుగా. లెక్క ప్రకారం మూడు కూడా రాకూడదు."

"డైక్‌హౌస్ గారు మెచ్చుకున్నారు కదా," అన్నాను నేను, ఓదార్పుగా.

"ఆయనేంటి, ఆయన టోపీ కూడా మెచ్చుకుంది," అంది రీకా. "నీ చట్రానికీ మూడు దణ్ణాలు పెట్టింది. అందరితో పాటే. పక్షపాతం లేని టోపీ."

"ఏం దణ్ణాలు?" అని అడిగాను.

"తెలీనట్టు అడుగుతావేంటి డర్క్. ప్రతి పరీక్షకీ పెడుతుందిగా." ఆమె తన స్టూలు మీద కూర్చుని గాజులోంచి వేలు చూపించింది. "ఇక్కడ్నించి చూస్తే టోపీ అంచు, అవతలి కిటికీ అడ్డచెక్క ఒక గీతలో ఉంటాయి. బరువు వేలాడదియ్యగానే టోపీ ఇంత కిందికి పోతుంది. అర వేలు. మళ్ళీ బరువు, మళ్ళీ ఇంత. ఎంత వంగుతుందో మేం ముందే చెప్పుకుంటాం కూడా. పందెం అంటే పాపం గనక, అంచనా అంటాం."

టూనిస్ చెంచా కింద పెట్టాడు. అతను మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు, చిన్నపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్క మాటా విడివిడిగా వచ్చింది.

"టోపీ మేకుకి ఉంది. మేకు స్తంభానికి ఉంది. స్తంభం నేలకి ఉంది. ఆ స్తంభం కదలకూడదు రీకా."

"కదలకూడదా? మాకెవరూ చెప్పలేదే."

"పదిహేనేళ్ళుగా చూస్తూ ఒక్కసారైనా అనలేదా?"

"ఎవరైనా అడిగితే కదా. పైగా సంఘపెద్ద టోపీ మరీ వినయంగా వంగుతోందని ఫిర్యాదు ఏ సంఘానికి చెయ్యమంటావు?"

టూనిస్ లేచి వెళ్ళి, ఎడమ స్తంభం మొదట్లో మడమతో నేలను తన్నాడు. బోలుగా మోగింది. ఆ చెక్క కింద, బెంచీల కాలంలో కలప ఆరబెట్టిన నేలమాళిగ ఉందని అందరికీ తెలుసు. శీతాకాలంలో మా సైకిళ్ళు అక్కడే పెట్టుకునేవాళ్ళం. నా తలకు ఆలస్యంగానైనా విషయం ఎక్కింది. చట్రాన్ని మెలితిప్పిన ప్రతిసారీ దాని తోకను పట్టుకున్న స్తంభాలూ, వాటిని మోసే చెక్కా కూడా కొంత ఒరుగుతున్నాయి. ముల్లుకు ఆ తేడా తెలియదు. నేల చేసిన నేరాన్ని కూడా అది చట్రం ఖాతాలోనే చూపిస్తోంది. నేను పదకొండేళ్ళుగా దాన్ని అందమైన చేతిరాతతో పుస్తకంలో ఎక్కిస్తున్నాను.

సంఘపెద్దకు ఈ సంగతి చెప్పడానికి ముగ్గురం కలిసే వెళ్ళాం. ఆయన చివరిదాకా విన్నారు.

"అంటే న్యాయమూర్తినే బోనులో నిలబెడతానంటావు."

"నిలబెట్టి ఒక్కసారి చూద్దామంటున్నానండీ," అన్నాడు టూనిస్.

"చట్రం ఓడిపోయింది గనక తప్పు పీఠానిది. పరీక్ష తప్పిన ప్రతివాడూ ఇదే అంటాడోయ్. మా పెద్దబ్బాయి లెక్కల్లో తప్పినప్పుడు నేరం పలక మీదికి తోశాడు."

"టోపీ వంగుతోందండీ. నా కళ్ళతో చూశాను," అంది రీకా.

"నా టోపీ ఎప్పుడు వంగాలో నాకు తెలుసు రీకా."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. టూనిస్ తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఒక నెలకు సరిపడే మాటలు అతను ఆ ఒక్క చోట ఖర్చుచేయడం చూసి ఆశ్చర్యపోయాను.

"నా చట్రం సంగతి వదిలెయ్యండి. మీ నిచ్చెనకి పన్నెండు గీతలు వేసి ఇరవై రెండేళ్ళయింది. అందులో నేల వాటా ఎంతో ఎవరూ కొలవలేదు. ఎన్ని గీతలైతే అన్ని నిందలు, చేయని తప్పుకి, మీ చట్రం మోస్తోంది. నాకైతే పోయేది నాలుగు డ్రాయింగులే."

 మేము బయటికి వచ్చేటప్పుడు డైక్‌హౌస్ గారు గోడ వైపు చూస్తున్నారు. ఆ గోడకు, ఆయన గీసిన మొదటి నిచ్చెన చట్రం గౌరవార్థం వేలాడదీసి ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచినప్పుడు, ఆయన నన్ను ఆపేశారు. ఇద్దరు పనివాళ్ళ చేత గోడ మీది చట్రాన్ని దింపించి పీఠానికి బిగింపించి, వాళ్ళను పంపేశారు. టోపీ తీసి మేకుకు తగిలించారు. ఇక ముల్లు వైపు రావలసిన మనిషి, నడుచుకుంటూ ట్రేసింగ్ గదిలోకి వెళ్ళి, రీకా స్టూలు మీద కూర్చున్నారు. ఆరడుగుల మనిషి ఆ పొట్టి స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ, గాజులోంచి తన టోపీని తానే చూస్తూ ఉన్న దృశ్యం సంఘం వారెవరికీ కనపడకపోవడం దేవుడి దయ.

"వెయ్యి," అన్నారు.

మొదటి బరువు వేలాడదీశాను.  రెండోది. మూడోది.

"పన్నెండండీ," అన్నాను అలవాటుగా.

"పన్నెండే ఉంటుంది. అది మారదు," అన్నారు గాజు వెనక నుంచి. కాసేపటికి బయటికి వచ్చారు. జేబులోంచి మూడు పిప్పరమెంటు బిళ్ళలు తీసి మూడూ ఒకేసారి నోట్లో వేసుకున్నారు. ఆ మనిషి అటువంటి విచ్చలవిడితనానికి పాల్పడటం నేను ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు.

"డర్క్, పదకొండేళ్ళు ఇక్కడ నిలబడ్డావు. ఒక్కసారైనా తలెత్తి వెనక్కి చూడలేదా?"

"మీరు ముల్లే చూడమన్నారండీ."

"అన్నాను." బిళ్ళల మధ్య నుంచి మాట కష్టంగా వచ్చింది. "అన్నాను. ఎవరికీ చెప్పకు."

"రేపు ఏం చేస్తారండీ?"

"రేపు ఎప్పట్లాగే టోపీ తగిలిస్తాను."

ఆ జవాబును ఏ వైపునుంచి తిప్పినా నాకు అర్థం కాలేదు. టూనిస్ ఆ సాయంత్రం తన బల్ల సొరుగు ఖాళీ చేసి, పెన్సిళ్ళు ఒక డబ్బాలో సర్దుకున్నాడు. బ్రాకెట్ల బల్ల గది అవతలి కొసన ఉంటుంది.

శుక్రవారం లాత్రప్ వచ్చాడు. తోలు సంచి, మంచి బూట్లు, వినే ముందే తలూపే అలవాటు. తిరుగు రైలు మధ్యాహ్నానికే ఉందని చెప్పాడు. డైక్‌హౌస్ గారు టోపీ తగిలించారు. ఆయన చెప్పినట్టే చేస్తున్నారని నేను గుండె రాయి చేసుకున్నాను. టూనిస్ చట్రానికి మూడు బరువులూ పడ్డాయి. లాత్రప్‌కు కూడా బిళ్ళ అందింది. అతను దాన్ని మర్యాదగా అందుకుని, ఎందుకిచ్చారో అడగలేక బుగ్గన పెట్టుకున్నాడు.

"తొమ్మిది," అన్నాను.

"మాకు ఆరు కావాలి," అన్నాడు లాత్రప్, సంచి మూస్తూ. "చెయ్యి తిరిగిన పనే, కాదనను. కానీ తొమ్మిది తొమ్మిదే కదా."

"కూర్చోండి. ఒక ముద్దాయి విచారణే అయింది," అన్నారు డైక్‌హౌస్ గారు. "రెండోవాడు మిగిలాడు."

అతన్ని చేయి పట్టుకుని గాజు వెనక్కి తీసుకువెళ్ళి, రీకా స్టూలు చూపించారు. బరువులు దింపి మళ్ళీ వేయమన్నారు. రీకా పక్కన నిలబడి, ప్రదర్శనకు తీసుకువెళ్ళే మార్గదర్శిలాగా ఎక్కడ చూడాలో చెప్పింది.

"అదిగో, ఆ అడ్డచెక్క చూస్తూ ఉండండి. ఇప్పుడు వంగుతుంది. ఆఁ. ఇంకోటి ఉంది, తొందరపడకండి."

"మీ టోపీ కదులుతోందే," అన్నాడు లాత్రప్.

"ఇరవై రెండేళ్ళుగా కదులుతోందట. ఆ పీఠం కట్టింది నేనే. అది అబద్ధం చెబుతోంది. దాని మాట నమ్మి ఈ అబ్బాయి చట్రాలు మూడు పాతిపెట్టాను," అన్నారు డైక్‌హౌస్ గారు. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు చర్చిలో ఇతరుల తప్పులు చదివేటప్పటి గొంతే. రవ్వంత కూడా తగ్గించలేదు.

లాత్రప్ కనుబొమలు ఎత్తాడు. "బాగుంది. కానీ అంకె మీకు నచ్చనప్పుడు పీఠం తప్పంటే, నేను డెట్రాయిట్‌లో ఏమని రాయను? టోపీ సాక్ష్యమా?"

"ఆ పని మాకు వదిలెయ్యండి. అబద్ధం ఆడలేని చోటికి వెళ్దాం."

మా కార్ఖానాలో ఇరవై అడుగుల కమ్మీలను ఒక్క దెబ్బకు అచ్చువేసే నలభై టన్నుల ప్రెస్సు ఉంది. అది కూర్చున్నది చెక్క మీద కాదు. నేలలోకి రెండు నిలువుల లోతున పోసిన కాంక్రీటు మీద. ఆ రోజు ప్రెస్సు పని ఆపించి, దాని ఇనుప మొదలుకే చట్రం తోక బిగించేలాగా ఆయన ముందుగానే కొక్కేలు చేయించి ఉంచారు. దిమ్మె, ముల్లు, బరువులు అక్కడికి మార్పించి, మొదట గోడ మీది నిచ్చెన చట్రం తెమ్మన్నారు. పాతదానిలో సగం అన్నప్పుడు, పాతది ఎంతో ముందు తేలాలి కదా.

మూడు బరువులు. నేను వంగాను. రెండోసారి చూశాను. నా కళ్ళను నేనే నమ్మక టూనిస్‌ను కూడా చూడమన్నాను.

"ఐదు."

డైక్‌హౌస్ గారి ముఖంలో సంభవించిన సూర్యోదయాన్ని ఆయన దగ్గుతో కప్పిపుచ్చడానికి ప్రయత్నించారు.

"ఐదేనా? పన్నెండు కాదు?"

"ఐదండీ. ముల్లు ఒట్టు."

"ఐదు," అన్నారాయన తనలో తాను. "ఐదు. మరీ అంత చెడ్డదేం కాదన్నమాట."

"చాలా మంచి చట్రం," అని లాత్రప్ పెన్సిలు తీశాడు. "అయితే నాకు కావలసింది ఇక ఆరు కాదు. ఐదులో సగం. రెండున్నర."

 టూనిస్ వాదనే అతని మెడకు చుట్టుకుంది. డైక్‌హౌస్ గారి చట్రాన్ని నిందల నుంచి విడిపించిన కొద్దీ తన చట్రం దాటవలసిన గడప ఎత్తుగా లేచింది. రీకా అతని పక్కకు వచ్చి నిలబడింది.

"పెద్దాయన్ని అంతగా పొగడకుండా ఉండాల్సింది నువ్వు," అంది మెల్లగా.

కొత్త చట్రం ఎక్కింది. తోక కొక్కేలు బిగించారు. డైక్‌హౌస్ గారు జేబు తడుముకున్నారు. గురువారపు దుబారా వల్ల మిగిలినది ఒక్క బిళ్ళే. ఆయన దాన్ని టూనిస్ అరచేతిలో పెట్టారు.

మొదటి బరువు. ముల్లు మొదటి గీత దాకా కూడా రాలేదు. రెండో బరువు. గీతను దాటి కొంచెం వెళ్ళింది. మూడో బరువు వేలాడదీస్తూ ఉంటే గొలుసు కిర్రుమంది.  నేను వంగి, ఈసారి తలెత్తి, తోకనూ, కొక్కేలనూ, ప్రెస్సునూ ఒక్కొక్కటిగా చూసి, మళ్ళీ వంగాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ పని చేయడం అదే మొదటిసారి.

"రెండు. వెంట్రుకవాసి తక్కువే."

లాత్రప్ తానే వంగి చూసుకున్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు. "ఈ చట్రమే కావాలి. డ్రాయింగుల నకలు ఇప్పించండి. నా రైలు ఉంది." వెళుతూ వెళుతూ డైక్‌హౌస్ గారి వైపు తిరిగాడు. "ఆ టోపీకి జీతం ఇస్తున్నారా?"

"దానికి ఉద్వాసన చెప్పాం," అన్నారాయన.

టూనిస్ నోట్లో బిళ్ళ ఇంకా కరగలేదు. అది అడ్డం ఉంది గనక మాట్లాడలేకపోయాడని తరువాత అన్నాడు. రీకా మాత్రం ఆ సాకు ఒప్పుకోలేదు.

అందరూ తమ బల్లల దగ్గరికి చేరాక, డైక్‌హౌస్ గారు పరలోకం తాళం తీశారు. మూడు డ్రాయింగులూ బయటికి తీసి, దుమ్ము దులిపి, టూనిస్ బల్ల మీద పెట్టారు. ఖాళీ అయిన సొరుగునూ, డబ్బాలో సర్దిన పెన్సిళ్ళనూ చూశారు.

"ఇవెందుకు కట్టిపెట్టావు?"

"బ్రాకెట్ల బల్లకి వెళ్ళాలన్నారు కదండీ."

"బ్రాకెట్లు డర్క్ గీస్తాడు. తల ఎత్తకుండా పనిచేసే మనిషి కావాలి వాటికి." ఆయన డ్రాయింగుల అంచులు సరిచేస్తూ అక్కడే నిలబడ్డారు. "నేల వాటా ఏడు. పదకొండులోంచి ఏడు తీస్తే నాలుగు. పదిలోంచి ఏడు, మూడు. పదిలోంచి ఏడు, మళ్ళీ మూడు. మూడూ నా చట్రం కంటే మంచివే. నాకు అప్పుడే తెలిసి ఉంటే…" ఆ వాక్యాన్ని ఆయన ఏ కొసకూ బిగించలేదు.

"మీకు తెలిసే దారి లేదండీ. టోపీ తగిలించినవాడికి టోపీ కనపడదు," అన్నాడు టూనిస్.

"రీకాకి కనపడింది."

"నాకు పనిలేక," అంది రీకా, గాజు అవతల నుంచి.

సోమవారం మేపుల్ చెక్కను కోసి, నేలమాళిగ నుంచి కాంక్రీటు లేపి, స్తంభాలను అందులో పాతారు. టోపీకి ఇటుక గోడలో వేరే మేకు కొట్టారు. కొత్త పీఠం మీద తొలి పరీక్ష రోజున ట్రేసింగ్ ఆడవాళ్ళంతా అలవాటు చొప్పున స్టూళ్ళు గాజుకు దగ్గరగా లాక్కున్నారు. బరువులు మూడూ పడ్డాయి. ఏదీ వంగలేదు. రీకా స్టూలు వెనక్కి తిప్పేసుకుని, ఇకనుంచి ఈ కార్ఖానాలో చూడటానికి ఏముందని అడిగింది.

డైక్‌హౌస్ గారు మాత్రం తన సిద్ధాంతాన్ని వదులుకోలేదు. ఆ సాయంత్రం టూనిస్ బల్ల దగ్గర ఆగి, గీతల పుస్తకం తెరిచి, అతని చట్రం పేరు మీద వేలు పెట్టారు.

"రెండు గీతలు మిగిలాయి చూశావా. ఆదాము ఎక్కడికీ పోలేదు."

టూనిస్ అప్పటికే బల్ల మీద కొత్త కాగితం నాలుగు మూలలా బిగించి ఉన్నాడు. పెన్సిలు మొన చెక్కుకుంటూ, కత్తెర కమ్మీలు కలిసే చోటు మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఒకటి ఇక్కడుందండీ. రెండోది వెతుకుతున్నాను."